విండోస్ పక్కన లినక్స్: ఉమ్మడి చోట్ల సంగతి

అందరికీ నమస్కారం. ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు అనగానే ఒకే ఒరలో రెండు కత్తులు అన్న సామెత ఎవరో ఒకరు ఎత్తుతారు. ఒర ఇక్కడ పెద్దదేనండి, రెండూ హాయిగా పడతాయి. చిక్కంతా ఒర మూతి దగ్గరే.

ఎందుకంటే ఈ రెండూ ఒకేసారి నడవవు. విండోస్ నడుస్తున్నంతసేపూ లినక్స్ డిస్కులో ఒక మూల నిద్రపోతూ ఉంటుంది, లినక్స్ లేస్తే విండోస్‌దీ అదే పరిస్థితి. ఎవరి పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) వాళ్లది. మరి గొడవలు ఎక్కణ్నుంచి వస్తాయి? రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కొన్ని చోట్ల నుంచి. బూట్ ఫైళ్లు, అంటే కంప్యూటర్‌ని లేపే ఫైళ్లు, ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి. మదర్‌బోర్డు మెమరీలో ఉండే బూట్ జాబితా ఒకటి. తాళాలు దాచే టీపీఎం చిప్, బోర్డు మీది గడియారం, రెండు వైపుల నుంచీ తెరిచే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే ఫార్మాట్) పార్టిషన్. ఈ ఐదింటినీ ప్రతి ఓఎస్సూ ఇంట్లో తనొక్కటే ఉన్నట్టు వాడుకుంటుంది. డ్యుయల్ బూట్‌లో, అంటే ఇలా ఒకే కంప్యూటర్‌లో రెండు ఓఎస్‌లు పెట్టుకోవడంలో, మీకు ఎదురయ్యే తొంభై పాళ్ల తంటాలు వీటిలో ఏదో ఒక దాని దగ్గర తేలతాయి. అందుకే ఇవాళ ఇన్‌స్టాలర్‌లో ఏ బటన్ నొక్కాలన్నదాని మీద తక్కువ, ఈ ఉమ్మడి చోట్ల మీద ఎక్కువ మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. మీకు కావలసింది నాలుగు కమాండ్లు, ఒక కంపైలర్ మాత్రమే అయితే ఇదంతా అక్కర్లేదు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది, లేదంటే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు పూర్తి శక్తితో కావాలన్నా, ర్యామ్ తక్కువై రెండు ఓఎస్‌లను ఒకేసారి మోయలేకపోయినా, 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసిన విండోస్ 10ని మెల్లగా వదిలించుకోవాలన్నా అప్పుడు డ్యుయల్ బూట్‌కి అర్థముంది. ఆపిల్ వాళ్ల ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌ల సంగతి వేరు. వాటిలో విండోస్ వేసుకోనిచ్చే బూట్ క్యాంప్ లేదు, నేను చెప్పబోయేది వాటికి వర్తించదు.

కంప్యూటర్ ఆన్ చేశాక ఏం జరుగుతుందో చూద్దాం. పాత బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్) పద్ధతిలో డిస్కులోని మొట్టమొదటి 512 బైట్ల సెక్టార్ చదివి అందులో ఉన్నది నడిపేవారు. ఆ 512లో బూట్ కోడ్‌కి 446 బైట్లు, పార్టిషన్ పట్టికకి 64, చివర గుర్తుకి 2. అంటే కుర్చీ ఒక్కటే. ఎవరు చివర ఇన్‌స్టాల్ అయితే వాళ్లు అందులో కూర్చుంటారు. ‘ముందు విండోస్, తర్వాతే లినక్స్’ అన్న పాత సలహా అప్పటిది. విండోస్ తర్వాత వస్తే లినక్స్ బూట్ కోడ్‌ని తుడిచేసేది.

బయోస్ స్థానంలో వచ్చిన ఇప్పటి యూఈఎఫ్‌ఐలో కుర్చీలు చాలా ఉన్నాయి. డిస్కు మీద ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక చిన్న ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఉంటుంది. విండోస్ తనంతట తాను చేసుకుంటే దాని సైజు మామూలుగా 100 ఎంబీ. అందులో ‘ఈఎఫ్‌ఐ’ అనే ఫోల్డర్, దాని లోపల మైక్రోసాఫ్ట్‌కి ఒక ఫోల్డర్. ఉబుంటు అనే లినక్స్ వేస్తే పక్కనే ఉబుంటు పేరుతో ఇంకోటి. ఒకదాని ఫైళ్లు ఇంకోటి చెరపక్కర్లేదు. వీటిలో దేన్ని ముందు పిలవాలో మదర్‌బోర్డు మెమరీలో వరుస రాసి ఉంటుంది. బూట్ ఆర్డర్ అంటే అదే. విండోస్ పెద్ద అప్‌డేట్ అయ్యాక గ్రబ్ (ఏ ఓఎస్ కావాలో అడిగే లినక్స్ బూట్ ప్రోగ్రామ్) మెనూ మాయమైందని కంగారు పడతారు చూడండి, చాలాసార్లు అక్కడ పోయిందేమీ ఉండదు. విండోస్ తన పేరు వరుసలో పైకి జరుపుకుంది, అంతే. మదర్‌బోర్డు సెటప్‌లోకి వెళ్లి ఉబుంటుని మళ్లీ పైకి పెడితే రెండు నిమిషాల పని. లినక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మాత్రం చేయకండి.

మీ కంప్యూటర్ ఏ పద్ధతిలో ఉందో ముందు చూసుకోండి. విండోస్‌లో స్టార్ట్ దగ్గర ‘ఎంఎస్‌ఇన్ఫో32’ అని కొడితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ వస్తుంది. అందులో బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్‌ఐ అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా? రెండు ఓఎస్‌లూ ఒకే పద్ధతిలో ఉండాలి. విండోస్ యూఈఎఫ్‌ఐలో, లినక్స్ లెగసీలో పడిందనుకోండి, ఒకటి ఇంకొకదాన్ని మెనూలోంచి పిలవలేదు. ఈ పొరపాటు జరిగేది పెన్‌డ్రైవ్ దగ్గర. కొన్ని బూట్ మెనూల్లో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడుతుంది, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఉన్నదాన్నే ఎంచుకోండి. లినక్స్ లేచాక ‘స్లాష్ సిస్, స్లాష్ ఫర్మ్‌వేర్, స్లాష్ ఈఎఫ్‌ఐ’ అన్న ఫోల్డర్ ఉందో లేదో చూస్తే అనుమానం తీరిపోతుంది. ఉంటే యూఈఎఫ్‌ఐలో లేచినట్టు.

ఇప్పుడు విండోస్ లోపల చేయవలసిన పని. డ్యుయల్ బూట్‌లో సగం పని ఇదే, లినక్స్ పెన్‌డ్రైవ్ ముట్టుకోకముందే అయిపోవాలి. బ్యాకప్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, అది ఇంకో డిస్కులో ఉండాలని మాత్రం గుర్తుచేస్తున్నాను. అదే డిస్కులో వేరే పార్టిషన్‌లోకి కాపీ చేసుకుంటే అది బ్యాకప్ కాదు.

మొదట బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు. నేనెప్పుడూ ఆన్ చేయలేదు అంటారు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్ తేలిక రూపం) తనంతట తానే ఆన్ అవుతుంది. 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా వేసిన వాటిలో హోమ్ ఎడిషన్‌లో కూడా ఇది ఇంకా విస్తృతమైంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘మేనేజ్ హైఫన్ బీడీఈ, స్పేస్, హైఫన్ స్టేటస్’ అని కొట్టి చూడండి, నిజం అక్కడ తేలుతుంది. ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసుకోండి. 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. కాగితం మీద రాయండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ డిస్కులోనే ఫైల్‌గా దాచడమంటే బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసినట్టు.

ఇదెందుకు అంత ముఖ్యం? బిట్‌లాకర్ తాళం టీపీఎం చిప్ దగ్గర ఉంటుంది. కంప్యూటర్ లేచే ప్రతి అడుగునీ టీపీఎం కొలిచి పెట్టుకుంటుంది. సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే లేవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉందా, మొదట నడిచిన ప్రోగ్రామ్‌కి ఎవరి సంతకం ఉంది, ఇవన్నీ. కొలత నిన్నటిలాగే ఉంటే తాళం ఇస్తుంది. తేడా వస్తే ఇవ్వదు, నీలం తెర మీద ఆ 48 అంకెలు అడుగుతుంది. మీరు సెటప్‌లో సెక్యూర్ బూట్ ఆపినా, గ్రబ్ మెనూలోంచి విండోస్‌ని పిలిచినా కొలత మారుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి. డిస్కు మొత్తాన్ని డీక్రిప్ట్ చేయనక్కర్లేదు. ఒక మెలిక ఉంది: మామూలుగా సస్పెండ్ చేస్తే తర్వాతి రీస్టార్ట్‌తో అది మళ్లీ ఆన్ అవుతుంది. ఈ పనిలో మనం నాలుగైదు సార్లు రీస్టార్ట్ చేస్తాం. కాబట్టి కమాండ్‌తో చేసేటప్పుడు రీబూట్ కౌంట్ 0 అని ఇవ్వండి. అంతా అయ్యాక మీరే మళ్లీ ఆన్ చేసేదాకా ఆగి ఉంటుంది.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8తో వచ్చింది. మీరు షట్‌డౌన్ నొక్కితే విండోస్ నిజంగా ఆగిపోదు. మీ ప్రోగ్రాములు మూసేసి, కర్నెల్‌ని (ఓఎస్ గుండెకాయని) మాత్రం హైబర్నేషన్ ఫైల్‌లో దాచి పడుకుంటుంది. సీ డ్రైవ్ ఎలా ఉందో దాని జ్ఞాపకంలో అలాగే ఉంటుంది. ఈలోపు లినక్స్ వచ్చి ఆ డ్రైవ్‌లో ఒక ఫైల్ రాసిందనుకోండి. మర్నాడు విండోస్ లేచి, పాత జ్ఞాపకం ప్రకారం తన పట్టికలను దాని మీదే రాసేస్తుంది. ఫైళ్లు చెడిపోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. ఇది తెలిసే లినక్స్ అలాంటి డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. ‘లినక్స్‌లో నా డీ డ్రైవ్‌లోకి కాపీ కావట్లేదు’ అన్న ఫిర్యాదు వెనక నూటికి తొంభై ఇదే ఉంటుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో దీన్ని ఆపొచ్చు. ఇంకా గట్టి దారి, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్’. ఇది హైబర్నేషన్‌నీ ఫాస్ట్ స్టార్టప్‌నీ కలిపి ఆపేస్తుంది, హైబర్నేషన్ ఫైల్ (హైబర్‌ఫిల్) చెరిగిపోయి ఆ మేరకు జాగా కూడా మిగులుతుంది. చిన్న విడ్డూరం ఏమిటంటే, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నా రీస్టార్ట్ నొక్కితే మాత్రం విండోస్ పూర్తిగా ఆగి లేస్తుంది. షట్‌డౌన్ సగం, రీస్టార్ట్ పూర్తి. పేర్లు తిరగేసి పెట్టారనిపిస్తుంది.

ఇక జాగా ఖాళీ చేయడం. సీ డ్రైవ్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి, లినక్స్ ఇన్‌స్టాలర్‌తో కాదు. తన ఫైళ్లు ఎక్కడున్నాయో విండోస్‌కి బాగా తెలుసు, పైగా బిట్‌లాకర్ ఉన్న పార్టిషన్‌ని చాలా ఇన్‌స్టాలర్లు ముట్టుకోవు. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. సైజు ఎంబీల్లో అడుగుతుంది, 100 జీబీ కావాలంటే 102400 అని ఇవ్వాలి.

ఎంత జాగా ఇవ్వాలి? ఉబుంటు డెస్క్‌టాప్‌కి 25 జీబీ కనీసం అంటారు. ఆ లెక్కతో వేస్తే నాలుగు నెలల్లో ఇరుకైపోతుంది. మామూలు పనికి 60, ప్రోగ్రామింగ్‌కీ కంటైనర్లకీ 100 పైన అనుకోండి. తర్వాత పెంచుకుందాం అంటే తేలిక కాదు, ఎందుకంటే లినక్స్ పార్టిషన్‌కి ఎడమవైపు విండోస్ ఉంటుంది. అటు జాగా తీసుకోవాలంటే లినక్స్ పార్టిషన్ మొత్తాన్ని జరపాలి.

ఇక్కడ అందరూ తగులుకునే రాయి ఒకటి ఉంది, కాస్త దగ్గరగా చూద్దాం. డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉంటుంది. ష్రింక్ కొడితే 9 జీబీ మాత్రమే తగ్గించగలను అంటుంది. విండోస్ అబద్ధం చెప్పట్లేదు. పార్టిషన్‌ని కుడి చివర నుంచి మాత్రమే కత్తిరించగలదు, ఆ చివర దగ్గర ఎక్కడో కదపలేని ఫైల్ ఒకటి కూర్చుని ఉంది. దాని అవతల ఉన్నంతే మీకిచ్చే జాగా. ఆ ఫైల్ ఏదో కనుక్కోవచ్చు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్ లాగ్‌లో 259 నంబరు ఈవెంట్ వెతకండి. ‘కదపలేని చివరి ఫైల్ ఇది’ అని పేరుతో సహా రాసి ఉంటుంది. సాధారణంగా నాలుగింట్లో ఒకటి: హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది), సిస్టమ్ రీస్టోర్ కాపీలు, ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత పట్టిక అయిన ఎంఎఫ్‌టీ. మొదటిది పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తోనే పోయింది. పేజ్ ఫైల్‌ని తాత్కాలికంగా ఆపి, రీస్టోర్ కాపీలు చేసే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ష్రింక్ కొట్టండి. ఎక్కువసార్లు దారి ఇస్తుంది. పని కాగానే పేజ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకండి. అడ్డుపడింది ఎంఎఫ్‌టీ అయితే విండోస్ సొంత పనిముట్లతో తేలిగ్గా కదలదు, అప్పుడు వేరే పార్టిషన్ టూల్ వాడాలి, లేదా ఇంకో డిస్కు గురించి ఆలోచించాలి.

ఖాళీ చేసిన జాగాని అలాగే ‘అన్ ఎలొకేటెడ్’గా వదిలేయండి. విండోస్‌లో దానికి ఫార్మాట్ కొట్టకండి. పక్కన కనబడే రికవరీ పార్టిషన్, 16 ఎంబీల రిజర్వ్‌డ్ పార్టిషన్ మీవి కావు, వాటి జోలికి వెళ్లొద్దు.

ఇంకొక్క తనిఖీ. కొన్ని ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్‌ని ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ, రెయిడ్ మోడ్‌లో పెట్టి అమ్ముతారు. లినక్స్ ఇన్‌స్టాలర్‌కి అందులో డిస్కే కనబడదు. సెటప్‌లో మామూలు డిస్కు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మారిస్తే కనబడుతుంది. కానీ మార్చిన మరుక్షణం విండోస్ ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలం తెరతో పడిపోతుంది, ఎందుకంటే ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని బూట్ సమయంలో లోడ్ చేసే అలవాటు దానికి లేదు. దీనికి మందు వరుసలో ఉంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ చేయండి. రీస్టార్ట్ చేసి నేరుగా సెటప్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది, అక్కడ డ్రైవర్లన్నీ తనే సర్దుకుంటుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. బిట్‌లాకర్ సస్పెండ్ ముందే అయ్యుండాలని మళ్లీ చెప్పక్కర్లేదు కదా.

పెన్‌డ్రైవ్ గురించి ఒక్క మాటతో సరిపెడతాను. 8 జీబీ చాలు, బూట్ పెన్‌డ్రైవ్ చేసే రూఫస్ గానీ వెంటాయ్ గానీ వాడండి, డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలర్) ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ని సైట్‌లో ఇచ్చినదానితో సరిచూసుకోండి. సగం డౌన్‌లోడైన ఐఎస్‌ఓతో వచ్చే వింత ఎర్రర్లు లినక్స్ తప్పు కాదు.

ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన వేయమనే ఎంపిక చూపిస్తే అది సరిపోతుంది. మీరే పార్టిషన్లు చేసుకుంటే గుర్తుంచుకోవలసింది ఇది: ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే ఎంచుకుని, స్లాష్ బూట్ స్లాష్ ఈఎఫ్‌ఐ దగ్గర మౌంట్ చేయమనాలి (తగిలించమనాలి), ఫార్మాట్ టిక్ ఉంటే తీసేయాలి. ఆ టిక్‌తో ముందుకెళ్తే విండోస్ బూట్ ఫైళ్లన్నీ పోతాయి. సీ డ్రైవ్ చెక్కుచెదరదు గానీ లేపేవాళ్లుండరు. మిగతా ఖాళీలో ఒక్క ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్) పార్టిషన్ రూట్‌కి, అంటే లినక్స్ మూల ఫోల్డర్‌కి, ఇస్తే చాలు. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగాకి) విడిగా పార్టిషన్ కొయ్యక్కర్లేదు, ఫైల్ సరిపోతుంది.

100 ఎంబీల ఈఎఫ్‌ఐ పార్టిషన్ సరిపోతుందా అని అడుగుతుంటారు. ఉబుంటులాంటివి అక్కడ పెట్టేది షిమ్ (గ్రబ్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్), గ్రబ్ ఫైళ్లు మాత్రమే, పది ఎంబీ లోపే. సరిపోతుంది. గ్రబ్ బదులు సిస్టమ్‌డీ-బూట్ వాడే పాప్ ఓఎస్ లాంటివి కర్నెల్‌ని కూడా అక్కడే పెడతాయి. వాటికి 100 ఎంబీ చాలదు, మొదటి కర్నెల్ అప్‌డేట్‌కే నిండిపోతుంది. అలాంటి వాటికి 1 జీబీతో ఇంకో ఈఎఫ్‌ఐ పార్టిషన్ విడిగా చేయడమే మేలు.

రెండు డిస్కులుంటే? అదృష్టవంతులు. విండోస్ ఒకదాంట్లో, లినక్స్ ఇంకోదాంట్లో, ఎవరి ఈఎఫ్‌ఐ పార్టిషన్ వాళ్లకి. కాకపోతే ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కి ఒక జబ్బు ఉండేది. మీరు రెండో డిస్కు ఎంచుకున్నా బూట్‌లోడర్‌ని తీసుకెళ్లి మొదటి డిస్కు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో పెట్టేది. తర్వాత మొదటి డిస్కు తీసేస్తే లినక్స్ లేవదు. ఇన్‌స్టాల్ చేస్తున్నంతసేపూ విండోస్ డిస్కు కేబుల్ పీకేయండి, లేదా సెటప్‌లో ఆ స్లాట్ ఆపేయండి. మోటుగా ఉన్నా ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

సెక్యూర్ బూట్ దగ్గరికి వద్దాం. దాన్ని ఆపేయమని చాలామంది చెబుతారు. ఉబుంటులాంటి పెద్ద లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో ఆ అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ముందు లేస్తుంది, అది తన డిస్ట్రిబ్యూషన్ సంతకం చూసి గ్రబ్‌ని లేపుతుంది, గ్రబ్ కర్నెల్‌ని. ఈ గొలుసు తెగేది ఎన్విడియా లాంటి డ్రైవర్లు మీ కంప్యూటర్లోనే కంపైల్ అయినప్పుడు. వాటికి సంతకం చేసే తాళం మీ కంప్యూటర్లోనే తయారవుతుంది, దాన్ని షిమ్ చేత ఒప్పించాలి. అందుకే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, తర్వాతి రీస్టార్ట్‌లో నీలం తెర ఒకటి వస్తుంది. మోక్ (మీ కంప్యూటర్ సొంత తాళం) మేనేజ్‌మెంట్ అంటారు. అది పది సెకన్లు ఆగి, ఎవరూ ఏ కీ నొక్కకపోతే తన దారిన తను వెళ్లిపోతుంది. మీరు అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నారో, ఎన్విడియా డ్రైవర్ లోడ్ అవదు, తెర తక్కువ రిజల్యూషన్‌లో ఉండిపోతుంది. ఆ తెర రాగానే ఏదైనా కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, ఎస్, పాస్‌వర్డ్, రీబూట్. పాస్‌వర్డ్ మాత్రం అమెరికన్ కీబోర్డు లేఅవుట్ ప్రకారం తీసుకుంటుంది, అంకెలు, మామూలు అక్షరాలతో పెట్టుకుంటే గొడవ ఉండదు. తప్పిపోయినా కంగారొద్దు, మోక్‌యుటిల్ అనే లినక్స్ కమాండ్‌తో ఇంపోర్ట్ మళ్లీ అడిగితే తర్వాతి రీస్టార్ట్‌లో ఆ తెర మళ్లీ వస్తుంది.

ఉమ్మడి చోట అంటే ఏమిటో 2024 ఆగస్టు 13న బాగా తెలిసొచ్చింది. ఆ రోజు వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్, గ్రబ్‌లోని ఒక పాత లోపాన్ని అడ్డుకోవడానికి పాత బూట్‌లోడర్లను నమ్మొద్దని మదర్‌బోర్డు మెమరీలో ఒక నిబంధన రాసింది. దాన్ని ఎస్‌బ్యాట్ అంటారు. డ్యుయల్ బూట్ ఉన్నచోట రాయకూడదనే ఉద్దేశం, కానీ చాలా కంప్యూటర్లలో డ్యుయల్ బూట్ ఉందని అది గుర్తించలేకపోయింది. మర్నాడు లినక్స్ లేపబోతే షిమ్ ‘ఏదో ఘోరంగా తప్పు జరిగింది’ అని ఒక వాక్యం చూపి కంప్యూటర్‌ని ఆపేసింది. లినక్స్ పార్టిషన్‌లో ఒక్క బైటూ మారలేదు చూడండి, మారింది ఉమ్మడి మెమరీలో ఒక గీత. మందు కూడా అక్కడే: సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, షిమ్, గ్రబ్ అప్‌డేట్ చేసుకుని, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయడం. నెలల తరబడి లినక్స్‌లోకి వెళ్లని వాళ్లకే ఇలాంటివి ఎక్కువ తగులుతాయి. విండోస్‌ని ఎంత తాజాగా ఉంచుతారో లినక్స్‌నీ అంతే తాజాగా ఉంచాలి. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి గడువు తీరడం, వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు రావడం కూడా ఈ కోవలోదే. గడువు తీరిన రోజున పాత బూట్‌లోడర్ ఆగిపోదు, కొత్త సర్టిఫికెట్ లేని బోర్డుల్లో దానితోనే సంతకం చేసిన కొత్త షిమ్‌లు లేవవు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వస్తే వేసుకోండి, వేసే ముందు బిట్‌లాకర్ సస్పెండ్.

(సభలోంచి ప్రశ్న: గ్రబ్ మెనూలో విండోస్ పేరే రావట్లేదు.)

మంచి ప్రశ్న. గ్రబ్ 2.06 నుంచి, అంటే 2021 నుంచి, ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపి ఉంచుతున్నారు. ఈటీసీ, డీఫాల్ట్, గ్రబ్ అనే ఫైల్‌లో ‘గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్’ అనే వరుసకి ఫాల్స్ అని పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడపండి, వస్తుంది. కానీ బిట్‌లాకర్ ఉంటే గ్రబ్ ద్వారా విండోస్‌లోకి వెళ్లొద్దనే నా సలహా. ఇందాక చెప్పిన టీపీఎం కొలతే, మధ్యలో షిమ్, గ్రబ్ వచ్చాయి కాబట్టి చాలా కంప్యూటర్లలో ప్రతిసారీ 48 అంకెలు అడుగుతుంది. దానికి బదులు కంప్యూటర్ సొంత బూట్ మెనూ వాడండి. తయారీదారుని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్11, ఎస్కేప్, వీటిలో ఒకటి. లినక్స్‌లోంచే పంపాలంటే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌కి విండోస్ నంబరు బూట్ నెక్స్ట్‌గా ఇస్తే, ఆ ఒక్కసారికి నేరుగా విండోస్ లేస్తుంది, వరుస మారదు.

గడియారం సంగతి త్వరగా. లినక్స్ బోర్డు మీది గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది, విండోస్ అందులో స్థానిక సమయం ఉందనుకుంటుంది. ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి వెళ్లగానే మీ టైమ్ జోన్ తేడా ఎంతో అన్ని గంటలు తప్పుతుంది. నెట్ ఉంటే కాసేపట్లో తనే సర్దుకుంటుంది కాబట్టి చాలామంది గమనించరు. నెట్ రావడం ఆలస్యమైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ గోల పెడుతుంది, ఫైళ్లకి రేపటి సమయాలు పడతాయి. ‘టైమ్‌డేట్‌సీటీఎల్, సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని లినక్స్‌ని మార్చొచ్చు, కానీ విండోస్‌నే యూటీసీకి మార్చడం సరైన పద్ధతి. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల ఖాతాలో) టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ కింద ‘రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్’ అనే డీవర్డ్ చేసి విలువ 1 ఇవ్వండి. వేసవిలో గడియారం గంట జరిపే దేశాల్లో లినక్స్‌ని మార్చిన వాళ్లకి ఏడాదికి రెండుసార్లు తలనొప్పి. రెండూ చెరోసారి గంట జరుపుతాయి.

బ్లూటూత్ కూడా ఇలాంటిదే. మౌస్ విండోస్‌తో జతకట్టినప్పుడు ఒక రహస్య తాళం తయారవుతుంది. లినక్స్‌తో జతకడితే, అడాప్టర్ చిరునామా అదే కాబట్టి, మౌస్ పాత తాళం మరిచిపోయి కొత్తది పెట్టుకుంటుంది. విండోస్‌కి తిరిగొస్తే మౌస్ పలకదు. ముందు లినక్స్‌లో, ఆఖరున విండోస్‌లో జత చేసి, విండోస్ రిజిస్ట్రీలోని తాళాన్ని లినక్స్‌లోని వార్, లిబ్, బ్లూటూత్ ఫోల్డర్‌లో రాస్తే రెండింట్లోనూ పలుకుతుంది. అంత ఓపిక లేకపోతే యూఎస్‌బీ రిసీవర్ ఉన్న మౌస్ కొనుక్కోవడం ఉత్తమం.

రెండింటికీ కావలసిన ఫొటోలు, పత్రాల కోసం ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో విడిగా ఒక పార్టిషన్ చేయండి, లినక్స్‌లోంచి సీ డ్రైవ్‌లో రాయకండి. ఎక్స్‌ఫ్యాట్ రెండింట్లోనూ పనిచేస్తుంది గానీ దానికి జర్నల్ (రాయబోయే మార్పుల చిట్టా) లేదు, కరెంటు పోతే నష్టం ఎక్కువ. లినక్స్‌లో ఎఫ్‌స్టాబ్‌లో (పార్టిషన్లు ఎక్కడ తెరవాలో రాసే ఫైల్‌లో) ఆ పార్టిషన్ రాసేటప్పుడు యూయూఐడీతో (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో) రాయండి, ‘నోఫెయిల్’ కలపండి. లేకపోతే ఏదో ఒక రోజు విండోస్ ఆ డ్రైవ్‌ని సరిగ్గా మూయకపోతే లినక్స్ బూట్ సగంలో ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. పార్టిషన్ డర్టీ (సరిగ్గా మూయలేదు) అని లినక్స్ మొరాయిస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ కొట్టమని చెబుతారు. అది జబ్బు నయం చేయదు, గుర్తు చెరిపేస్తుంది అంతే. విండోస్‌లోకి వెళ్లి చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ నడపడం అసలు వైద్యం.

(సభలోంచి ప్రశ్న: లినక్స్ వద్దనుకుంటే ఎలా తీసేయాలి?)

అందరూ చేసే పని, విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్‌ని డిలీట్ కొట్టడం. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద ‘గ్రబ్’ అని ఒక మాట మెరుస్తూ ఉంటుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో గ్రబ్ ఇంకా ఉంది, వరుసలో ముందుంది, కానీ దాని మెనూ ఉన్న పార్టిషన్ పోయింది. అందుకే ముందు సెటప్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని వరుసలో పైకి తెచ్చి, విండోస్ నేరుగా లేస్తోందని చూసుకోవాలి. ఆ తర్వాతే పార్టిషన్ తీసేయాలి. మిగిలిన ఉబుంటు ఫోల్డర్‌ని చెరపాలంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘మౌంట్‌వాల్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎస్’ అంటే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఎస్ డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. అందులో ఈఎఫ్‌ఐ కింద ఉబుంటు ఫోల్డర్ ఒక్కటే తీసేయండి. పక్కన ఉన్న మైక్రోసాఫ్ట్ ఫోల్డర్, బూట్ ఫోల్డర్ ముట్టుకోవద్దు. ఖాళీ అయిన జాగాని సీ డ్రైవ్‌కి కలుపుదామంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఒక్కోసారి బూడిద రంగులో ఉండి నొక్కనివ్వదు. ఆ ఖాళీకీ సీ డ్రైవ్‌కీ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉందన్నమాట. అప్పుడు ఆ ఖాళీని కొత్త డ్రైవ్‌గా ఫార్మాట్ చేసుకుని వాడుకోండి, రికవరీ పార్టిషన్‌ని మాత్రం కదపొద్దు.